పదకొండో అంతస్తు ఎక్కడ?

పోయినవారం మనం వదిలిపెట్టేసరికి మన ఫొటోగ్రాఫరు తన స్టూడియో గోడ ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి, తన పని తానే చూసుకుని మురిసిపోతోంది. ఇప్పుడూ అక్కడే ఉంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. పాస్‌పోర్టు ఫొటోలూ, పెళ్ళి ఫొటోలూ, ఏడ్చే పసివాళ్ళ ముందు గిలక్కాయ ఆడిస్తూ తీసే ఫొటోలూ తప్ప ఇంకేమీ అడగని ఊళ్ళో, ఇన్నేళ్ళకి ఒక పెద్ద పని ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఊరంతా తేనెపట్టు అని పిలిచే ఆ పెద్ద భవనం ముఖమంతా ఒకే ఫొటోలో రావాలి. ఆకాశం కనిపించకూడదు, నేల కనిపించకూడదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కిటికీలే ఉండాలి. ఆ షరతు ఎవరో పెట్టింది కాదు, ఆమె పెట్టుకున్నదే. పైనా కిందా కోసేస్తే భవనానికి అంతులేదనిపిస్తుందని ఆమె నమ్మకం.

ఫొటో అడిగింది తేనెపట్టు సంఘం సెక్రటరీగారు. ఎందుకంటే వచ్చే సోమవారం నుంచి భవనానికి పరంజాలు కట్టి, పచ్చగుడ్డ చుట్టి, రంగులు వేస్తున్నారు. ఇన్నాళ్ళూ ఎవరి కిటికీ చుట్టూ వాళ్ళకి నచ్చిన రంగు వాళ్ళు పులుముకున్నారు. ఒకరిది చిలకపచ్చ, ఒకరిది గులాబి, ఒకరిది అసలేమిటో దేవుడికే తెలియాలి. ఇకమీదట అందరికీ ఒకటే మీగడరంగు, ఒకటే రకం ఊచలు. అందుకని పాత ముఖాన్ని ఫొటో తీయించి కింద హాల్లో గోడ నిండా పెట్టాలని సంఘం తీర్మానించింది. ఎదుటి భవనం డాబా మీదికి తాళం సంపాదించి పెట్టింది ఫొటోగ్రాఫరు భర్త. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఎత్తయిన ఇళ్ళన్నీ ఆయనకు మేనత్త ఇళ్ళంత చనువు. మబ్బు పట్టిన రోజు చూసుకుని, పొడుగు లెన్సు పెట్టి, ఒక్కో వరుస ముక్కలు ముక్కలుగా తీసి, తర్వాత కంప్యూటర్లో అతికించింది. పెద్ద ప్రింటుకు ఫైలు ఈ సాయంత్రం ప్రెస్సు కట్టేసేలోగా పంపాలి. అది దాటితే ఆదివారం నాటికి ఫొటో గోడెక్కదు.

పంపేముందు ఇళ్ళవాళ్ళందరూ ఒకసారి చూసుకుంటే మంచిదని సెక్రటరీగారే అన్నారు. అందుకని చిన్న కాగితాల మీద ముక్కలుగా ప్రింటు తీసి, స్టూడియో గోడకి వరసగా అంటించింది. మొన్నటినుంచీ జనం వస్తూనే ఉన్నారు. గోడకి ముక్కు ఆనించి వెతుక్కోవడం, దొరకగానే “ఇదిగో, ఇదిగో మనిల్లు” అని పక్కవాళ్ళ భుజం చరచడం. రోజూ ఉండే ఇంటినే ఎవరో కొత్తగా కొనిచ్చినట్టు ఆ సంబరమేమిటో.

నిన్న ఒక దంపతులు వచ్చారు. మొగుడు కిటికీ చూసి సంతోషించాడు. పెళ్ళాం ఆ కిటికీ ఊచకి వేలాడుతున్న మసిగుడ్డ చూసి కుంగిపోయింది.

“అమ్మా, ఆ గుడ్డ ఒక్కటీ తీసెయ్యవా? నలుగురూ చూస్తారు” అని బతిమాలింది.

“తియ్యలేనండీ. ఉన్నదాన్ని తీసెయ్యను, లేనిదాన్ని పెట్టను. నా పద్ధతి అది” అంది ఫొటోగ్రాఫరు.

“పద్ధతి బాగానే ఉంది. మసిగుడ్డ నాది” అని ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళింది.

స్టూడియో బల్ల వెనక కూర్చుని పాస్‌పోర్టు ఫొటోల అంచులు కత్తిరించే అత్తగారు అంతా విని, “గుడ్డ తీసేస్తే నీ సొమ్మేం పోయింది? ఆవిడ ఆ గుడ్డ చూసుకుని జన్మంతా కుమిలిపోతుంది” అంది.

“తీస్తే అది ఫొటో కాదత్తయ్యా, బొమ్మ.”

“ఏమో తల్లీ. నా పెళ్ళి ఫొటోలో నాకు లేని బుగ్గసొట్ట పెట్టాడు మీ మామగారు మాట్లాడిన ఫొటోగ్రాఫరు. నేనేం బాధపడలేదు.”

ఈ అత్తాకోడళ్ళ మాటలు ఇలాగే ఉంటాయి. ఒకరినొకరు పొడుచుకోకపోతే ఇద్దరికీ టీ అరగదు. కానీ కోడలు డాబా ఎక్కి గంటల తరబడి నిలబడితే భోజనం డబ్బా పట్టుకుని ఆయాసపడుతూ వెనకాలే ఎక్కేదీ ఆ అత్తగారే.

ఈ వేళ సాయంత్రానికి రద్దీ తగ్గింది. వచ్చేవాళ్ళంతా వచ్చి వెళ్ళారు. ఒక్కరూ పేచీ పెట్టలేదు, మసిగుడ్డావిడ తప్ప. ఫొటోగ్రాఫరుకు కడుపు నిండినట్టుగా ఉంది. ఫైలు పంపించి, హాయిగా కాళ్ళు చాపుకుని టీ తాగుదామనుకుంటూ ఉండగా తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బట్టలు, చేతిలో గొడుగు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పిన రిటైరైన లెక్కల టీచరు. అత్తగారు కూడా గబుక్కున లేచి కుర్చీ జరిపింది.

“నా ఇల్లు చూసుకుందామని వచ్చానమ్మా” అంది టీచరుగారు కూర్చోకుండానే.

“చూడండి టీచరుగారూ. ఏ అంతస్తు?”

“పదకొండు. కుడివైపు చివరినుంచి రెండో ఇల్లు.”

“అంకెలతో దొరకదండీ. ఇందులో నేలా ఉండదు, పైకప్పూ ఉండదు. ఎక్కడినుంచి లెక్కపెట్టాలో తెలియదు. గుర్తులు పట్టుకుని వెతకాలి.”

“ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకుండా లెక్క ఇచ్చావా? పిల్లలకిస్తే కొడతారు” అంటూ టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది.

ఆవిడ వెతకడం మిగతావాళ్ళలా లేదు. ముక్కు ఆనించలేదు, తడుముకోలేదు. కుడి అంచున ఒక వేలు పెట్టి, నిదానంగా పైనుంచి కిందికి దించుకుంటూ వచ్చింది. ఒకచోట ఆగింది.

“ఇదిగో, మా పైవాళ్ళ చిలక పంజరం.”

“దొరికింది. అయితే దాని కిందదే మీది.”

వేలు ఒక కిటికీ కిందికి దిగింది. మళ్ళీ పైకెక్కింది. మళ్ళీ దిగింది.

“ఇది మా కిందవాళ్ళ నీలం డ్రమ్ము” అంది టీచరుగారు. తర్వాత వెనక్కి తిరిగి, కోపం లేకుండా, జవాబు తప్పు చెప్పిన పిల్లను చూసినట్టు చూసింది. “పైవాళ్ళ పంజరం ఉంది. కిందవాళ్ళ డ్రమ్ము ఉంది. మధ్యలో మేముండాలి కదమ్మా?”

ఫొటోగ్రాఫరు నవ్వేసింది. “పంజరం వేరే ఎవరిదో అయ్యుంటుందండీ. అంత భవనంలో ఒక్క చిలకేనా?”

“ఆ పంజరం తలుపుకి ఎర్ర రిబ్బను కనిపిస్తోందా? అది నేనిచ్చిందే. తలుపు ఊడి చిలక నా వంటింట్లోకి వచ్చి కూర్చున్న రోజున.”

ఎర్ర రిబ్బను కనిపిస్తూనే ఉంది. లెన్సు అంత మంచిది.

“పోనీ డ్రమ్ము?”

“డ్రమ్ము మీద తెల్లరంగుతో ఇంటి నంబరు రాసుకున్నారు. మళ్ళీ ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. చదువుకో.”

చదివింది. అది పదో అంతస్తు నంబరే.

ఇంక ఫొటోగ్రాఫరు ముఖంలో నవ్వు లేదు. టీచరుగారు చెబుతుంటే ఆమె వెతుకుతోంది. మా వరసలో ఎడమ చివర పసుపు కర్టెనుంటుంది చూడు. లేదు. దాని పక్కింట్లో పిల్లలు కిటికీ అద్దానికి కాగితం పువ్వులు అంటించారు. లేవు. ఆ పక్కన గడియారాలు బాగుచేసే ఆయన, కిటికీలోనే గోడగడియారం వేలాడదీశాడు, బయటివాళ్ళు టైము చూసుకోవడానికి. అదీ లేదు. పైవరసా ఉంది, కిందివరసా ఉంది, రెండూ ఒకదానికొకటి వెంట్రుకంత సందు లేకుండా అతుక్కుని ఉన్నాయి. నడుమ ఉండాల్సిన అంతస్తు అంతస్తంతా మాయమైంది.

ఎలా జరిగిందో ఆమెకు ఇట్టే అర్థమైంది. అర్థమైనకొద్దీ ఒళ్ళు మండింది. వరుసలు అతికించే పని కంప్యూటరుకి అప్పజెప్పింది. అది రెండు ముక్కల్లో ఒకేలా ఉన్న గీతలు వెతికి, అవి కలిసేచోట ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. కొండనో, నదినో తీసిన ఫొటోకైతే ఏ ఇబ్బందీ లేదు. తేనెపట్టులో ప్రతి అంతస్తూ పక్క అంతస్తుకి కవల. అవే చట్రాలు, అవే గొట్టాలు, అవే ఎడాలు. ఒక వరుస మీద ఇంకో వరుస పరిచి, రెండూ ఒకటేలే అనుకుని, అడుగున పడ్డదాన్ని పారేసింది. తను అతుకులు చూసుకుంది, అతుకులు భేషుగ్గా కుదిరాయి. అంతస్తులు లెక్కపెట్టాలన్న ఆలోచనే రాలేదు. లెక్కపెట్టడానికి వీల్లేకుండా పైనా కిందా కోసింది కూడా తనే.

“ఒక అంతస్తు కాపురాలన్నీ మింగి కూర్చుందా ఆ కంప్యూటరు?” అంది అత్తగారు ముక్కున వేలేసుకుని.

“మరి నిన్న మీ గడియారాలాయన వచ్చారే టీచరుగారూ. ఇదే మా ఇల్లు అని చూసుకుని, తెగ మురిసిపోయి, నా చేతులు పట్టుకుని మరీ వెళ్ళారు” అంది ఫొటోగ్రాఫరు.

“ఆయన కళ్ళజోడు మార్చమని నేను పోయిన ఏడాది నుంచీ చెబుతున్నా. ఎవరింటిని చూసి మురిశాడో. ఇంటికెళ్ళి వాళ్ళావిడతో మన కిటికీకి కొత్త కర్టెను ఎప్పుడు వేశావని పోట్లాడాడట కూడాను. మా అంతస్తులో మిగతావాళ్ళు ఆదివారం హాల్లోనే చూసుకుంటామని రాలేదు.”

అత్తగారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఫొటోగ్రాఫరుకు నవ్వు రాలేదు. ఈ సాయంత్రమే ఫైలు వెళ్ళాలి. సోమవారం పచ్చగుడ్డ కప్పేస్తారు. గుడ్డ తీసేసరికి పసుపు కర్టెన్ల చుట్టూ, కాగితం పువ్వుల చుట్టూ అంతా మీగడరంగే. ఈ ఫొటోలో లేనివాళ్ళు ఇక ఏ ఫొటోలోనూ ఉండరు. అందరి ఇళ్ళూ ఒక్కచోట అని ఊరంతా చాటుకుని, ఒక అంతస్తును దారిలో పారేసుకుంటే ఇంక తన మొహం ఎవరికి చూపించుకోవాలి?

“క్షమించండి టీచరుగారూ. విడి ముక్కలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆ వరుస వెతికి చేత్తో అతికిస్తాను. కూర్చోండి.”

“అతికించు. ఇన్నేళ్ళూ ఊరందరి హాజరూ నేనే వేశాను. నా హాజరు వేసినవాడు లేడు. ఈ ఒక్కసారైనా పడుతుందనుకున్నా.” టీచరుగారు కూర్చుని గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. “అయినా నిలబడమని చెప్పి మరీ నిలబెట్టి, తీరా చూస్తే నేను లేకపోవడమేమిటని వచ్చాను.”

కంప్యూటరు వైపు తిరిగిన ఫొటోగ్రాఫరు ఆగిపోయింది. “నిలబెట్టడమేమిటండీ? నేనెవర్నీ నిలబడమనలేదు.”

“నువ్వు కాదులే. మీ ఆయన. ముందురోజు లిఫ్టు దగ్గర కనబడి, రేపు భోజనాలవేళ మీ అంతస్తు ఫొటో తీస్తున్నాం, కిటికీలోకి వచ్చి ఇటు చూస్తూ నిలబడండి టీచరుగారూ అన్నాడు. మా అంతస్తులో అందరికీ చెప్పాడు. నేను ఇస్త్రీ బట్టలు కట్టుకుని నిలబడ్డాను.”

ఫొటోగ్రాఫరుకు ఆ రోజు గుర్తొచ్చింది. సగం భవనం అయ్యేసరికి స్టూడియో ముందునుంచి ఫోను. ఎవరికో పాస్‌పోర్టు ఫొటో అర్జెంటుగా కావాలి, తాళం వేసి ఉంది, గుమ్మంలోనే నిలబడ్డాను అని. ఆయన అక్కడే ఉన్నాడు. “వెళ్ళిరా. ఒక్క వరుసేగా, నేను తీస్తాలే. ఏ మీటా ముట్టుకోను, ఎడమనుంచి కుడికి తిప్పుకుంటూ నొక్కడమేగా” అన్నాడు. అత్తగారు అప్పుడే డబ్బా విప్పుతోంది. తను దిగి వెళ్ళి వచ్చేసరికి వరుస అయిపోయింది. సరే అనుకుని కింది వరుస నుంచి మళ్ళీ తనే అందుకుంది.

ముక్కలున్న పెట్టె తెరిచింది. ఆ వరుస దొరికింది. మొదటి ముక్క తెరమీద పరుచుకుంది.

పసుపు కర్టెను పక్కకి తీసి ఉంది. కిటికీలో ఒక తల్లి, చంకలో బిడ్డ, వెనకాల తొంగిచూస్తూ ముసలాయన. ముగ్గురూ తిన్నగా ఇటే చూస్తున్నారు. రెండో ముక్కలో కాగితం పువ్వుల మధ్య పిల్లల ముఖాలు, అద్దానికి అణిగి చపాతీల్లా అయిపోయిన ముక్కులు. గడియారాలాయన తన గోడగడియారాన్ని రెండు చేతులా గుండెకి పట్టుకుని నిలబడ్డాడు. ఒకామె జుట్టు దువ్వుకుంటూ మధ్యలో వచ్చేసినట్టుంది, దువ్వెన జుట్టులోనే ఉంది. అందరూ నవ్వుతున్నారు. ఆ తర్వాతి కిటికీలో, ఊచల వెనక నిటారుగా, క్లాసు మొదలుపెట్టబోతున్నట్టు, మన టీచరుగారు.

టీచరుగారు కుర్చీలోంచి ముందుకు వంగి చాలాసేపు చూసుకుంది. “బాగానే ఉన్నాను” అంది చివరికి. “భుజాలు వంగిపోయాయేమో అనుకున్నా. వంగలేదు.”

ఫొటోగ్రాఫరు గోడమీద ఉన్న తన వరుసల వైపు ఒకసారి, తెరమీద ఉన్న ఈ వరుస వైపు ఒకసారి చూసింది. తన కిటికీల్లోనూ మనుషులున్నారు. వీపులు, మోచేతులు, బట్టలు పిండుతున్న చేతులు. ఒక్కరూ ఇటు చూడరు. అలా చూడకపోవడమే తన గొప్ప అనుకుంది ఇన్నాళ్ళూ.

సరిగ్గా అప్పుడే మెకానిక్కు గారు వచ్చారు. నీలం యూనిఫారం చొక్కా, చేతిలో టీ ఫ్లాస్కు. తెరమీద ఏముందో చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“దొరికిపోయానన్నమాట.”

“లోపలికి రండి” అంది భార్య. ఆమె అండీలు మామూలుగానే పెడుతుంది కానీ, ఇప్పటి అండీలో కారం పాళ్ళు ఎక్కువ. “నా ఫొటోలో మీరెందుకు వేలు పెట్టారు?”

“పెట్టింది ఒక్క వరుసలోనేగా.”

“ఆ రోజు అర్జెంటు పాస్‌పోర్టు ఫొటో అని ఫోను చేసిందెవరు?”

మెకానిక్కు టీ పోయడంలో చాలా శ్రద్ధ చూపించాడు. “మా హెల్పరు.”

“అతను పాస్‌పోర్టు తీసుకున్నాడా?”

“వాడికెందుకు పాస్‌పోర్టు? బస్సెక్కితేనే కళ్ళు తిరుగుతాయి.”

అత్తగారు కత్తెర ఆపి కొడుకు వైపు మెచ్చుకోలుగా చూసి, కోడలు చూస్తుందేమోనని మళ్ళీ కత్తిరించడం మొదలుపెట్టింది.

“నాకు ముందే చెప్పొచ్చుగా” అంది ఫొటోగ్రాఫరు.

“చెబితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను.”

“అందుకే చెప్పలేదు.” మెకానిక్కు టీచరుగారికి గ్లాసు అందించి, భార్యకి ఒకటి అందించి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎగతాళి తగ్గించి మాట్లాడాడు. “నేను రోజూ ఆ లిఫ్టుల్లో తిరుగుతాను. వాళ్ళంతా నన్నడుగుతారు. మీ ఆవిడ అటువైపు డాబా మీద రోజంతా నిలబడి ఏం తీస్తోంది, మాకూ చెప్పకూడదా అని. నీకు వాళ్ళ కిటికీలన్నీ తెలుసు. వాళ్ళకి నువ్వెవరో తెలియదు. ఒక్క అంతస్తైనా నిన్ను చూడాలనిపించింది. వాళ్ళు నవ్వింది కెమెరాని చూసి కాదు. అక్కడ నువ్వున్నావనుకుని.”

“నేనక్కడ లేనుగా. పాస్‌పోర్టు అక్కర్లేని వాడికి ఫొటో తీస్తున్నాను.”

“అదొక్కటీ సరిగా కుదర్లేదు” అని ఒప్పుకున్నాడు.

ఆమెకు కోపం రావాల్సినంత రాలేదు. అది ఆమెకే వింతగా ఉంది. పైగా ఆ వరుస బాగా వచ్చింది, తన వరుసలకంటే బాగా వచ్చింది. అదే గొంతులో ముల్లులా ఉంది. కానీ అతికిస్తే ఏమవుతుంది? అంత భవనంలో అందరూ తమ పనుల్లో తామున్నప్పుడు, నడుమ ఒక్క అంతస్తు మాత్రం పేరంటానికొచ్చినట్టు నిలబడి నవ్వుతుంటుంది. ఎవరిమటుకు వాళ్ళను ఉన్నది ఉన్నట్టు తీశానని చెప్పుకోవడానికి లేదు. అతికించకపోతే టీచరుగారు లేరు, గడియారం లేదు, దువ్వెన లేదు.

“నీకు ఇష్టం లేకపోతే తీసెయ్యమ్మా” అంది టీచరుగారు, ఆమె ముఖం చదివినట్టు. “నిలబడమంటే నిలబడ్డాం, నీ పద్ధతికి అది సరిపడదు. నాకు తెలిసింది. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. పంజరం కింద డ్రమ్ము మాత్రం పచ్చి అబద్ధం.”

ఫొటోగ్రాఫరు టీ గ్లాసు పక్కన పెట్టింది. నిన్న ఆ మసిగుడ్డావిడకి తను చెప్పిన మాట తన నెత్తికే వచ్చి తగిలింది. ఉన్నదాన్ని తీసెయ్యను. ఆ వేళ, ఆ కిటికీల్లో వీళ్ళు ఉన్నారు. ఎవరు రమ్మంటే వచ్చారన్నది వేరే సంగతి. ఫోను తీసి ప్రెస్సుకు చేసింది.

“ఫైలు కాస్త ఆలస్యమవుతుందండీ. తలుపు వెయ్యకండి. ఒక అంతస్తు దారిలో ఉంది.”

ఇక పనిలో పడింది. కంప్యూటరును నమ్మకుండా, పైవరుస కిందికీ కిందివరుస పైకీ చేత్తో జరిపి, నడుమ చోటు చేసింది. పసుపు కర్టెను వచ్చి తన చోట కూర్చుంది. కాగితం పువ్వులు, గడియారం, దువ్వెన. ఒక్కో కిటికీ చేరుతున్నకొద్దీ టీచరుగారు తల ఊపుతోంది, పేరు పిలిస్తే పలికిన పిల్లలను చూసినట్టు. తనవంతు రాగానే, పంజరానికీ డ్రమ్ముకీ మధ్య తన కిటికీ సరిగ్గా అతుక్కోగానే, “హాజరు” అని తనే పలికి తనే నవ్వేసింది. ఫొటోగ్రాఫరుకు ఆ నవ్వు విని మనసు తేలికపడింది. ఫొటో చెడిపోలేదు. ఇన్ని కిటికీల మీద తిరిగి తిరిగి అలసిన కన్ను ఆ వరుస దగ్గరికి రాగానే ఆగుతోంది, ఎవరో పిలిచినట్టు. ఈ పని తనకు తట్టలేదు. తట్టలేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు పెద్ద కష్టంగా కూడా లేదు.

“ఇంకొక్క ముక్క ఉంది. చివరిది” అంది.

“అది ఖాళీ ఇల్లేలేమ్మా. మా పక్కదే. ఎప్పటినుంచో తాళం వేసి ఉంది” అంది టీచరుగారు గొడుగు తీసుకుని లేస్తూ.

“చివరిది చీకటి కిటికీయే, నాకూ గుర్తుంది” అన్నాడు మెకానిక్కు కాస్త తొందరగా. “దాని బదులు పక్క కిటికీ ఏదైనా పెట్టేసినా ఎవరికీ తెలియదు. ప్రెస్సువాడు చూస్తుంటాడు పాపం.”

భార్య అతని వైపు వింతగా చూసింది. లేనిదాన్ని పెట్టడమా, ఈయన నోటినుంచా? చివరి ముక్క తెరిచింది.

ఖాళీ ఇల్లు. తాళం వేసి ఉండాల్సిన ఇల్లు. కిటికీ రెక్కలు బార్లా తీసి ఉన్నాయి. లోపలి గోడకి కొత్త సున్నం మెరుస్తోంది. కిటికీలో ఒక మనిషి నిలబడి, తువ్వాలు పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఇటు ఊపుతున్నాడు. నీలం యూనిఫారం చొక్కా. మొహం నిండా నవ్వు.

ఫొటోగ్రాఫరు తెరను చూసింది. స్టూలు మీద కూర్చున్న మనిషిని చూసింది. అదే చొక్కా. నవ్వు మాత్రం లేదు.

“ఈ వరుస తీసింది మీరన్నారు” అంది నెమ్మదిగా.

“అవును.”

“ఇందులో ఉన్నది మీరు.”

మెకానిక్కు ఫ్లాస్కు మూత తీసి మళ్ళీ బిగించాడు. టీచరుగారు లేచినావిడ మళ్ళీ కూర్చుంది.

“మరి డాబా మీదినుంచి దీన్ని నొక్కిందెవరు?”

అత్తగారు కత్తెర బల్లమీద పెట్టింది. ఒళ్ళోని కాగితం ముక్కలు దులుపుకుని, కోడలి వైపు తిరిగింది.

“నొక్కింది నేనేలే అమ్మాయ్. మిగతావన్నీ వాడే తీశాడు. చివరిదొక్కటీ నన్ను నొక్కమని, జేబులోంచి తాళంచెవి తీసి చూసుకుని మరీ అటు పరిగెత్తాడు. నువ్వడగాల్సింది నొక్కిందెవరని కాదు. వాడు ఎవరింటి తాళం తీసి అక్కడ నిలబడ్డాడో, అది అడుగు. నన్నడిగితే నాకూ చెప్పలేదు.”